చెంచాడు రుచికి చాంతాడంత క్యూ

విజయవాడలో ఇప్పుడు ఏ సంబరం తలపెట్టినా పక్కన ఫుడ్ ఫెస్టివల్ ఉండి తీరాలి. సంక్రాంతి అయినా, దసరా అయినా, కొత్త ఏడాది అయినా మైదానంలో ఒక వైపు షామియానాలు లేస్తాయి, స్టాళ్లు బారులు తీరతాయి, గేటు దగ్గర కూపన్ల బల్ల పడుతుంది. ‘ఒకే చోట నూరు రుచులు’ అని ఫ్లెక్సీ కడతారు. చీకటి పడేసరికి కాలు పెట్టే సందు ఉండదు. మర్నాడు పేపర్లో ‘పోటెత్తిన జనం’ అని ఫొటో వస్తుంది. ఆ ఫొటోయే విజయానికి రుజువైపోతుంది. తిన్నవాళ్లు ఏం తిన్నారో, కడుపు నిండిందో లేదో ఎవరూ అడగరు.

ఈ పండగలను వెనకేసుకొచ్చే వాదన మన ఊళ్లో దాదాపు ఏకాభిప్రాయంగా స్థిరపడింది. ఒక్క సాయంత్రంలో తలా కొంచెం చొప్పున ఎన్నో వంటలు రుచి చూడొచ్చంటారు. మరుగున పడుతున్న మన వంటకు ఇదే ప్రచారమంటారు. చిన్న వ్యాపారులకు, ఇంట్లో వండి అమ్ముకునే ఆడవాళ్లకు నాలుగు డబ్బులు వస్తాయంటారు. రద్దీ గురించి ఎవరైనా విసుక్కుంటే, జనం లేనిది పండగేమిటని కొట్టిపారేస్తారు. ఈ నాలుగు మాటల్లో ఒక్కటీ నిలబడదని నేననుకుంటున్నాను. తిండిని ప్రేమించే మనిషి ఆ గుంపులోకి వెళ్లనక్కర్లేదని, వెళ్లడం వల్ల తనకూ మన వంటకూ ఒరిగేది లేదని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు రద్దీ సంగతి. ఈ పండగలను ఇష్టపడనివాళ్లు సాధారణంగా జనాన్ని తప్పుపడతారు. నేను వాళ్లతో కూడా ఏకీభవించను. కృష్ణా డెల్టా ఏనాడూ జనానికి భయపడలేదు. శ్రీరామనవమి పందిట్లో ఊరంతా తింటుంది. కార్తీకంలో ఉసిరి చెట్ల కింద వనభోజనాలకు బంధుబలగమంతా దిగుతుంది. పెళ్లిలో బంతి వెనక బంతి లేస్తుంది. 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా కృష్ణా పుష్కరాలు జరిగినప్పుడు లక్షల మంది ఈ నదీతీరానికి వచ్చారు. దాతలు, సేవా సంఘాలు, ఊళ్లకు ఊళ్లు వండి పెట్టాయి. జనం ఎక్కువైతే తిండి పాడవుతుందన్న మాట మన అనుభవంలో నిజం కాదు.

బంతి భోజనం ఎలా నడుస్తుందో గుర్తు చేసుకుంటే తేడా తెలుస్తుంది. వంటవాడు ముందుగా అడిగేది ఎన్ని విస్తళ్లని. ఆ లెక్కను బట్టి బియ్యం, పప్పు, కూరలు, పొయ్యిల సంఖ్య, మనుషులు తేలతారు. కూర్చున్నవాడి ముందు ఆకు పడుతుంది, నీళ్లు వస్తాయి. పప్పు, కూర, పచ్చడి, పులుసు, పెరుగు ఒక వరుసలో అతని దగ్గరికే నడిచి వస్తాయి. మారు వడ్డన ఉంటుంది. పిలిచినవాడు బంతి పొడుగునా తిరుగుతూ ఎవరికి ఏం కావాలో కనుక్కుంటాడు. తర్వాతి బంతికోసం బయట వంద మంది నిలబడి ఉండొచ్చు. కూర్చున్నవాడిని మాత్రం ఎవరూ తొందరపెట్టరు. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మకు, చంటిపిల్ల తల్లికి, వయసు కుర్రాడికి అక్కడ ఒకే మర్యాద. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారు పంతొమ్మిదో శతాబ్దంలో వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టి పేరు తెచ్చుకున్నది ఈ మర్యాదతోనే. అందుకే 2024లో రాష్ట్రప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది.

ఫుడ్ ఫెస్టివల్ ఈ ఏర్పాటును తలకిందులు చేస్తుంది. తిండి ఒకచోట నిలబడుతుంది, మనిషి దాని చుట్టూ తిరుగుతాడు. కూపన్ల దగ్గర ఒక క్యూ, స్టాలు దగ్గర మరో క్యూ, మంచినీళ్ల కోసం మూడోది. దొరికింది చేత్తో పట్టుకుని, పక్కవాడి మోచెయ్యి తగలకుండా చూసుకుంటూ నిలబడి మింగాలి. చేయి కడుక్కునే చోటు కనపడదు. పెద్దవాళ్లకు కుర్చీ ఉండదు. అన్నిటికీ మించి, అక్కడ ఆతిథ్యానికి బాధ్యుడు ఉండడు. నిర్వాహకుడు స్థలం అద్దెకిచ్చాడు, స్టాలువాడు కూపన్ తీసుకున్నాడు. మనం ఆకలితో వెనక్కి వెళ్తే అది ఎవరి లోపమూ కాదు. జనాన్ని పిలిచే హక్కు తీసుకుని, పెట్టే బాధ్యత వదిలేసిన ఏర్పాటు ఇది. నా అభ్యంతరం జనం మీద కాదు, ఈ బాధ్యతారాహిత్యం మీద.

క్యూ కూడా దానంతట అది తప్పు కాదు. 2018లో విజయవాడలో మొదలై, మధ్యలో మూతపడి, 2024 ఆగస్టు 15న గుడివాడలో మళ్లీ తలుపులు తెరుచుకున్న అన్న క్యాంటీన్ల దగ్గర రోజూ క్యూలే. 5 రూపాయలకు పూట గడుస్తుంది. ఆటో నడిపేవాడు, తాపీమేస్త్రి, ఆస్పత్రికి వచ్చిన పల్లెటూరి మనిషి ఆ క్యూలో నిలబడతారు. నిలబడినందుకు కడుపు నిండుతుంది. అంతకు ఎన్నో రెట్లు డబ్బు పెట్టి, అంతకంటే ఎక్కువసేపు నిలబడి, ఒక కాగితం కప్పులో రెండు చెంచాల పదార్థం అందుకోవడాన్ని అనుభవం అని ఎందుకు పిలవాలో నాకు అర్థం కాదు.

రెండో వాదన రుచులది. ఒకే సాయంత్రం ఇరవై వంటలు చూడొచ్చు కదా అంటారు. నాలుక అలా పనిచేయదు. టీ పొడి నాణ్యత తేల్చే నిపుణులు వరుసగా కప్పులు రుచి చూసేటప్పుడు గుక్క మింగకుండా ఉమ్మేస్తారు. రుచి చూడడమే వృత్తిగా ఉన్నవాళ్లు మధ్యమధ్యలో నోరు పుక్కిలిస్తారు, తిన్నది చాలించి కాసేపు ఆగుతారు. ఒక రుచి మీద ఇంకొకటి పడితే రెండూ తెలియవని వాళ్లకు తెలుసు. మన కారం సంగతి చెప్పనే అక్కర్లేదు. గోంగూర మటన్ ముక్క నోట్లో పెట్టుకున్నాక, ఆ మంట చల్లారకుండానే చికెన్ పకోడీ, దాని మీద ఐస్‌క్రీమ్, ఆ వెంటనే నూడుల్స్ తింటే మిగిలేది మంటా నూనే తప్ప రుచి కాదు.

మన పూర్వులు ఈ చిక్కును ఎప్పుడో విప్పారు. విస్తట్లో పప్పూ నెయ్యితో మొదలుపెట్టి, కూర కలుపుకుని, పచ్చడి నంజుకుని, పులుసు మీదుగా పెరుగన్నం దగ్గర ఆగే క్రమం ఉత్త ఆచారం కాదు. వేడన్నం కారాన్ని మోస్తుంది, నెయ్యి దాన్ని మెత్తబరుస్తుంది, పెరుగు నోటిని శుభ్రం చేస్తుంది. ప్రతి రుచికీ ముందూ వెనకా ఉంది. టేస్టింగ్ పేరుతో ఆ వరుసను తెంచి, అన్నం తీసేసి, ముక్కలు మాత్రం చేతిలో పెడితే మన వంట ఏమిటో కొత్తవాడికి ఎలా తెలుస్తుంది? ఆవకాయ ముక్క ఒక్కటే నాకిన మనిషికి ఉప్పూ కారమూ ఆవఘాటూ తెలుస్తాయి. ముద్దపప్పులో కలిపి తిన్నవాడికే ఆవకాయ తెలుస్తుంది.

ఉలవచారు సంగతి చూడండి. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతు ఇళ్లలో ఎడ్లకు ఉలవలు ఉడకబెట్టినప్పుడు మిగిలే కట్టును పారబోయకుండా, చింతపండు పులుసు చేర్చి, సన్నసెగ మీద గంటల తరబడి మరగనిచ్చి చిక్కబరిచిన వంట అది. పొగలు కక్కే అన్నం, పైన వెన్నో మీగడో పడితేనే దాని లోతు తెలుస్తుంది. దాన్ని చిన్న కప్పులో పోసి తాగమని ఇస్తే, అది ఒక పుల్లటి సూపు అనుకుని పోతాడు పొరుగు రాష్ట్రం వాడు. అలా ఇచ్చినందువల్ల ఉలవచారుకు కలిగింది ప్రచారమా, అపకారమా?

ఇక వేళ సంగతి. పునుగుకు ఆయుష్షు ఐదు నిమిషాలు. చిల్లుల గరిటెతో బాణలిలోంచి తీసి, నూనె ఓడ్చి, కాగితంలో వేసి పైన అల్లం పచ్చడి పోసి ఇచ్చిన ఆ ఐదు నిమిషాల్లో తినాలి. పెసరట్టు పెనం మీది నుంచి నేరుగా ప్లేటులోకి రావాలి, లోపలి ఉప్మా ఇంకా పొగలు వదలాలి. గాంధీనగర్‌లో 1940ల నుంచి పేరున్న బాబాయ్ హోటల్ ఇడ్లీ మీద వెన్న కరగాలంటే ఇడ్లీ వేడిగా ఉండాలి. చేపల పులుసుది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం: రాత్రి వండితే తెల్లారాక ముక్కకు పులుసు పట్టి రుచి తేలుతుంది. ఒకటి క్షణం ఆగదు, ఇంకొకటి రాత్రంతా ఆగమంటుంది. వీటన్నిటినీ ఒకే షామియానా కింద, సాయంత్రం ఆరు నుంచి పది మధ్య, ఒకే రకం వేడి ట్రేలలో పెట్టి అందిస్తామనడం వంటల స్వభావం తెలియనివాళ్లు వేసే ప్రణాళిక.

వేళకంటే గట్టిది రుతువు. తంపట వేసిన తేగలు సంక్రాంతి చలికి దక్కేవి. ముంజలు వేసవిలోనే లేతగా ఉంటాయి. నూజివీడు రసాలు ఎండ ముదిరాకే రావాలి. ఆవకాయ కలిపేది వేసవి మొదట్లో, అది ఊరి ముక్క మెత్తబడడానికి రోజులు పట్టాలి. డెల్టా తిండికి ఏడాది పొడుగునా ఒక క్యాలెండర్ ఉంది. ఉత్సవ కమిటీ సెలవులు చూసుకుని పెట్టే తేదీ ఆ క్యాలెండర్‌తో కలవదు. అందుకే ఏ ఊరి ఫెస్టివల్ చూసినా అదే సామాను కనిపిస్తుంది: ఫ్రైడ్ రైస్, మోమోలు, స్పైరల్ ఆలూ, పకోడీలు, తందూరీ. ఏ కాలంలోనైనా, ఏ ఊళ్లోనైనా ఒకేలా ఉండే తిండి తప్ప అక్కడ మరొకటి బతకదు. స్థానిక వంటల పేరు ఫ్లెక్సీ మీద ఉంటుంది, బాణలిలో ఉండదు.

ఇందుకు స్టాలువాణ్ని నిందించడం అన్యాయం. అతని లెక్క చూడండి. మూడు రోజులకు స్థలం అద్దె కట్టాలి. కరెంటు, సిలిండర్లు, కూలీలు, సామాను చేరవేత అదనం. పెట్టిందంతా మూడు సాయంత్రాల్లో, రోజుకు మూడు నాలుగు గంటల్లో రాబట్టుకోవాలి. అతని ముందున్న దారులు మూడే: ముందుగా వండి తెచ్చుకోవడం, పెట్టేది తగ్గించడం, ధర పెంచడం. బతకాలంటే మూడూ చేయాల్సిందే. చన్నీళ్లలాంటి పులుసుకు, రెండు వేళ్లకు అంటనంత హల్వాకు, హోటల్ ధరకు ఒకటిన్నర రెట్లు పలికే బిర్యానీకి కారణం అతని దురాశ కాదు, ఆ ఏర్పాటు. మంచి వంటవాణ్ని కూడా చెడ్డ వంట వండేలా చేసే ఏర్పాటుకు మనం టికెట్టు కొని మద్దతు ఇస్తున్నాం.

జవాబుదారీ మాట కూడా ఇక్కడే రావాలి. కాగిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదని 2018 జూలై నుంచి ఆహార భద్రతా నిబంధన ఉంది. తాత్కాలిక స్టాళ్లు కూడా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని చట్టం చెబుతుంది. అయినా నిజమైన కాపలా వాడుక. సత్యనారాయణపురంలోనో వన్‌టౌన్‌లోనో ఏళ్ల తరబడి ఒకే మూలన బండి పెట్టుకునే మనిషి నూనె రంగు ఆ వీధి మొత్తానికి తెలుసు. ఈ రోజు పాడు సరుకు పెడితే రేపు ఎవరూ రారని అతనికి తెలుసు. ఆదివారం రాత్రికి మూట సర్దుకుని మాయమయ్యే స్టాలుకు ఆ భయం లేదు. మళ్లీ ఎక్కడ కలుసుకుని నిలదీస్తాం?

మూడో వాదన ఉపాధి. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టి జాగ్రత్తగా మాట్లాడాలి. డ్వాక్రా మహిళల బజార్లు, సరస్ మేళాలు ఎంతో మందికి ఆసరా అయ్యాయి. అక్కడికి నేనూ వెళ్తాను, మీరూ వెళ్లండి. అయితే అక్కడ జరిగేది వేరు. పచ్చళ్లు, పొడులు, అప్పడాలు, ఒడియాలు, అరిసెలు నిలవుండే సరుకు. ఇంట్లో తీరుబడిగా చేసి తెస్తారు. ఆవకాయ వేలికి రాసుకుని చూసి కిలో సీసా కొంటాం. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బందరు లడ్డు ఇలాంటి అమ్మకానికి సరిగ్గా పనికొస్తుంది. శనగపిండి పూసను వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంతో, నేతితో మళ్లీ దంచి కట్టిన ఆ తొక్కుడు లడ్డు రోజుల తరబడి చెడదు. ముక్క రుచి చూసి అర కిలో కట్టించుకుంటే ఆ ముక్కకు ఒక ప్రయోజనం ఉంది. చేసినవాళ్ల అడ్రసు పొట్లం మీద ఉంటుంది, అయిపోయాక మళ్లీ తెప్పించుకుంటాం. అక్కడ రుచి చూడడం కొనుగోలుకు తొలిమెట్టు. ఫుడ్ ఫెస్టివల్లో రుచి చూడడంతోనే కథ ముగుస్తుంది.

పైగా చిరువ్యాపారి మీద నిజంగా ప్రేమ ఉంటే మూడు రోజుల షామియానా కంటే చేయాల్సినవి ఉన్నాయి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం బండివాళ్లకు గుర్తింపు, అమ్మకానికి నిర్దిష్ట స్థలం, పట్టణ కమిటీలో ప్రాతినిధ్యం ఇవ్వమంది. 2023లో కేంద్రం దేశంలో 100 ఫుడ్ స్ట్రీట్ల అభివృద్ధికి ఒక్కోదానికి కోటి రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. మంచినీళ్లు, చేతులు కడుక్కునే చోటు, మురుగు పారుదల, చెత్త ఎత్తివేత, వెలుతురు – దాని ఉద్దేశాలు ఇవే. ఒక పునుగుల బండి దగ్గర కుళాయి పెడితే ఏడాదంతా ఆ కుటుంబం బాగుపడుతుంది, తినేవాడి ఆరోగ్యమూ బాగుపడుతుంది. రోడ్డు పక్క బండిని ట్రాఫిక్ పేరుతో తరిమేసి, అదే పునుగును మైదానంలో కూపన్ మీద అమ్మించి చిరువ్యాపారికి ప్రోత్సాహం అనడాన్ని నేను ఒప్పుకోను.

మరుగున పడ్డ వంటలు మళ్లీ వెలుగులోకి వస్తాయన్నది నాలుగో మాట. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడాది ఎక్కడ చూసినా కొర్ర పొంగలి, సామల పులిహోర, రాగి లడ్డు స్టాళ్లే. ఒక చెంచా కొర్ర పొంగలి తిన్న మనిషి ఇంటికెళ్లి కొర్రలు వండాలంటే అతనికి కావాల్సింది మరో చెంచా కాదు. కొర్రలు ఎంతసేపు నానాలి, ఎన్ని నీళ్లు పోయాలి, ఏ కూరతో పొసగుతాయి అన్నది కావాలి. అది చెప్పడానికి వండేవాడికి తీరిక కావాలి, వినేవాడు పొయ్యి దగ్గర నిలబడగలగాలి. వెనక నుంచి తోసుకొచ్చే జనంలో రెండూ కుదరవు. వంట మళ్లీ బతికేది వంటింట్లో. అక్కడికి దారి చూపని ప్రచారం ప్రచారం కాదు.

పుస్తకాల పండగకు వేలమంది తోసుకుంటూ వెళ్లడం లేదా అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. 1989 నుంచి విజయవాడలో ఏటా జరిగే పుస్తక మహోత్సవాన్ని నేను నెత్తిన పెట్టుకుంటాను. అక్కడ పుస్తకం తిరగేసి రెండు పేజీలు చూస్తాం. నచ్చితే ఇంటికి తెచ్చుకుని తీరుబడిగా చదువుతాం. గుంపులో ఎంచుకున్నది ఏకాంతంలో పూర్తవుతుంది. వేడి వంటకు ఆ వెసులుబాటు లేదు. దాన్ని అక్కడే, అప్పుడే తినాలి. కాబట్టి అక్కడి పరిస్థితి ఎంత బాగుంటే తిండి అంత బాగుంటుంది, ఎంత ఇరుకైతే అంత చెడుతుంది. పుస్తకాల పండగతో పోల్చి ఈ రద్దీని సమర్థించడం కుదరదు.

పిల్లల గురించి కూడా ఆలోచించాలి. వాళ్లకు రకరకాల తిండ్లు తెలియాలనే కదా తీసుకెళ్తున్నాం. అక్కడ వాళ్లు నేర్చుకునేది ఒక కొరుకు కొరికి మిగతాది పారేయడం, నడుస్తూ తినడం, ఫొటో తీసుకున్నాక ప్లేటు మీద ఆసక్తి పోవడం. విస్తట్లో మెతుకు మిగిల్చితే నొచ్చుకునే పెద్దవాళ్లున్న ఇళ్లు మనవి. ఈ డెల్టా తన పొలాలకు నీళ్లు తెచ్చుకోవడానికి 1850లలో ఆనకట్ట కట్టించుకున్న నేల. అన్నం విలువ ఇక్కడి పిల్లలకు తెలియకపోతే ఇంకెక్కడి పిల్లలకు తెలుస్తుంది? పండగ ముగిశాక ఆ మైదానంలో కాగితం ప్లేట్లతో పాటు కాళ్ల కింద నలిగే ఆహారాన్ని చూసి, ఇది అన్నపూర్ణకు జరిగిన ఉత్సవం అని నేను చెప్పలేను.

అయితే పొరుగూరి నుంచి ఒక్కరోజుకు వచ్చినవాడు ఏం చేయాలి? నూరు రుచుల ఆశ వదులుకుని మూడు రుచులకు సిద్ధపడాలి. పొద్దున గాంధీనగర్‌లో వెన్నతో ఇడ్లీ తినొచ్చు. మధ్యాహ్నం ఒక మంచి మెస్‌లో కూర్చుని పప్పుతో మొదలై పెరుగుతో ముగిసే భోజనం చేయొచ్చు. సాయంత్రం వన్‌టౌన్‌లో బండి దగ్గర వాయి దిగుతుండగా పునుగులు తినొచ్చు. ఫెస్టివల్లో అయ్యే ఖర్చు కంటే తక్కువే అవుతుంది. ఇంకో రోజు ఉంటే డెబ్భై కిలోమీటర్ల దూరంలోని బందరుకు వెళ్లి, లడ్డు, నల్ల హల్వా చేసినచోటే కొనుక్కోవచ్చు. కొల్లేటి వైపు తెలిసినవాళ్లుంటే కొరమేను పులుసు వాళ్లింట్లో తినాలి. మూడు చోట్ల మూడు వంటలు వాటి వేళకు, వాటి వేడిలో తిన్నవాడికి కృష్ణా డెల్టా తెలుస్తుంది. మైదానంలో ముప్ఫై కప్పులు ఖాళీ చేసినవాడికి తెలియదు.

నిర్వాహకులకు నా మాట ఒక్కటే. జనాన్ని పిలవడం ఆపమనడం లేదు; పిలిచాక పెట్టమంటున్నాను. కూర్చునే బల్లలు లేకుండా టికెట్టు అమ్మొద్దు. ఎన్ని విస్తళ్లు పెట్టగలరో అన్నే కూపన్లు ముద్రించండి. ఇరవై స్టాళ్లు తగ్గించి, ఒక్క గాడిపొయ్యి తవ్వి, ఆ కాలానికి తగిన ఒక్క భోజనం వండించండి: సంక్రాంతికి ఒకటి, వేసవిలో కొత్త ఆవకాయతో ఒకటి, కార్తీకంలో ఒకటి. వండినవాళ్ల పేర్లు చెప్పండి, వండే తీరు చూపించండి. నడవలేనివాళ్ల దగ్గరికి విస్తరి తీసుకెళ్లండి. అలాంటి పందిరి వేస్తే ఎంత రద్దీ ఉన్నా నేను వస్తాను, తర్వాతి బంతి కోసం బయట నిలబడతాను.

అలాంటిది జరిగేదాకా మాత్రం ఫ్లెక్సీ చూసి బయల్దేరకండి. వచ్చినవాళ్ల సంఖ్యే ఇప్పటిదాకా ఈ ఏర్పాటుకు దొరికిన ఏకైక సమర్థన. మనం వెళ్లడం మానేస్తే ఆ సమర్థన పోతుంది, పెట్టే బాధ్యత తీసుకోక తప్పదని నిర్వాహకులకు తెలిసొస్తుంది. తిండిని గౌరవించేవాళ్లు ఆ మాత్రం పట్టు పట్టాలి.